పన్నెండు పేర్లకు చోటు

ముప్పై ఒక్కేళ్లు పత్రికలో పనిచేసి నువ్వు చేసిందేమిటయ్యా అని ఎవరైనా అడిగితే, కత్తిరించాను అని చెబుతాను. క్రీడా డెస్కులో సబ్ ఎడిటర్ ఉద్యోగమంటే అదే. రాసేవాళ్లు మైదానాల్లో ఉంటారు, పేర్లు వాళ్లవి పడతాయి. మేం నారాయణగూడ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని, వచ్చినదాన్ని పేజీలో పట్టేలా కోసి కుట్టేవాళ్లం. బాగా కోసినవాడిని ఎవరూ మెచ్చుకోరు, తప్పు కోసినవాడిని ఎవరూ పట్టుకోరు. నన్ను మాత్రం ఒకసారి పట్టుకున్నారు. అదీ అయిదారేళ్ల తర్వాత. ఇప్పుడు డెస్కుల్లో చేరుతున్న పిల్లలకు ఆ సంగతి చెప్పాలనిపించింది. సిగ్గుతో మొదలవుతుంది గానీ, నా ఉద్యోగం మొత్తంలో నేను గర్వంగా చెప్పుకునేది కూడా ఇదే. కాస్త ఓపిక పట్టండి.

అది 2011. మన క్రికెట్ జట్టు ప్రపంచ కప్పు గెలిచిన ఏడాది. ఎండాకాలంలో గెలిస్తే వానలు పడ్డాక కూడా మా పేజీలు ఆ మత్తులోంచి తేరుకోలేదు. అలాంటి రోజుల్లో ఒక బుధవారం మధ్యాహ్నం మా వాచ్‌మన్ ఒక అమ్మాయిని డెస్కు దాకా తీసుకొచ్చి, "ఆటల పేజీ చూసే సార్ కావాల్నంట" అని అప్పగించి వెళ్లాడు.

ఆ అమ్మాయిది పాలమూరు వైపు పల్లె. అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటూ సర్కారు కొలువుల పరీక్షలకు చదువుతోంది. సంచీ నిండా పుస్తకాలు, చేతిలో ఒక ప్రింటు కాయితం. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, మీ పేపర్ల ఆమె గురించి ఎప్పుడన్న రాసిన్రా?" అని కాయితం నా ముందు పెట్టింది.

అది ఒక కబడ్డీ క్రీడాకారిణి గురించిన వ్యాసం. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే విజ్ఞాన సర్వస్వం ఒకటి తెలుగులో ఉందని నేను వినడమే గానీ చూసింది లేదు. పరీక్షల కోసం అందులో దేశ క్రీడా విజయాల జాబితా చదువుతుంటే ఈ అమ్మాయికి ఒళ్లు మండిందట. క్రికెట్‌కు గూడ్సు బండంత పట్టిక. మహిళల కబడ్డీకి ఒక్క వరుస కూడా లేదు. తమ జిల్లా ఆడబిడ్డ ఒకామె కొన్నేళ్ల కింద ఆసియా దేశాల పోటీలో దేశానికి ఆడి, స్వర్ణం తెచ్చిందని ఊళ్లో అందరికీ తెలుసు. ఆమె ఇప్పుడు దోమలగూడలో ఒక ఆడపిల్లల బడిలో ఆటల టీచరు. ఈ అమ్మాయి వెళ్లి కలిసి, వివరాలు అడిగి, వ్యాసం రాసింది. జాబితాలో ఒక వరుస కూడా చేర్చింది.

మంగళవారం నాడు వ్యాసం నెత్తిమీద ఒక పట్టీ పడింది. విషయ ప్రాముఖ్యత సందేహాస్పదం, ప్రచురితమైన మూలాలు లేవు, వారంలోగా చూపకపోతే పేజీ తొలగించబడుతుంది అని.

"పోతే పోనీ అమ్మా, ఇంటర్నెట్‌ల ఎన్ని పుడ్తయి, ఎన్ని పోతయి" అన్నాను.

"నాకోసం గాదు సార్. మీరు జర నాతోని రాండ్రి" అంది.

ఎందుకు వెళ్లానో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు పేజీకి ఇంకా సమయం ఉంది, దోమలగూడ ఎంతో దూరం లేదు, అంతే. బడి వెనక మైదానం అనబడే ఒక మట్టి జాగా. పాతికమంది పిల్లలు చెమటలు కక్కుతూ కూత పెడుతున్నారు. మధ్యలో ట్రాక్ సూట్‌లో ఒక గట్టి మనిషి, మెడలో విజిల్. ముప్పై దాటి ఉంటాయి.

నేనెవరో చెప్పగానే ఆమె మొహమాటపడింది. "ఈ పిల్లకు చెప్తనే ఉన్న సార్, నాకెందుకమ్మా గా పేజీ అని. అది లేకున్నా నేను తిన్న అన్నం అరుగుతనే ఉన్నది గద" అని నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

సంగతేమిటంటే, బడి కంప్యూటర్ గదిలో పిల్లలు ఆ పేజీ చూశారు. మా మేడం అంటే మా మేడం అని రెండు రోజులు ఎగిరారు. మూడో రోజు పట్టీ కూడా చూశారు. సందేహాస్పదం అన్న మాట వాళ్లకు బాగానే అర్థమైంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె అందరి ముందూ అడిగిందట, "మేడం, మీరు నిజంగనే ఆడిన్రా?" అని.

"ఏం చెప్పన్నో తెల్వలే సార్" అంది ఆమె. "మెడల్ తెచ్చి చూపిచ్చిన. చూసిన్రు. అయినా గా పిల్ల కండ్లల్ల అనుమానం పోలే. రేపటి సంది మడమ ఇట్ల పట్టాలె అని నేను చెప్తే ఎందుకు ఇంటరు?"

నాకు కోపం వచ్చింది. నాకు కోపం రావడం పెద్ద విశేషమేమీ కాదు, డెస్కులో అందరికీ తెలుసు. కానీ ఈసారి అది న్యాయమైన కోపమని నాకు గట్టి నమ్మకం. ఆఫీసుకు తిరిగి రాగానే కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ వ్యాసానికి జతగా ఉండే చర్చా పేజీలో టైపు చేశాను: నేను ముప్పై ఏళ్లుగా క్రీడా పేజీ చూస్తున్నవాడిని, ఈమె దేశానికి ఆడిన మాట నిజం, నాకు తెలుసు, పట్టీ వెంటనే తీసేయండి అని. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. "అజ్ఞాత వాడుకరి గారూ, నమస్కారం. మీకు తెలిసి ఉండటం మూలం కాదు. ప్రచురితమైన ఆధారం చూపగలరు."

వినయంగా చెంప పగలగొట్టడమంటే ఇదేనని ఆ రోజు తెలిసింది.

మర్నాడు నేను చేసిన పని చెబుతాను, నవ్వుకోండి. అక్కడ ఉంచాలా తొలగించాలా అని అభిప్రాయాలు రాస్తారని చూశాను. మాది పత్రికాఫీసు, జనానికి కొదవా? డెస్కులో ఉన్నవాళ్లందరినీ ఒక్కొక్కరినే లేపి నా కుర్చీలో కూర్చోబెట్టి, ఖాతా తెరిపించి, "ఉంచాలి" అని రాయించాను. చదరంగం వార్తలు చూసే మిత్రుడు, పేజీలు పెట్టే ఆర్టిస్టు, ప్రూఫులు చూసే పెద్దాయన, ఆఖరికి టీ తెచ్చిన ఆయన కూడా. అరగంటలో ఆరు ఓట్లు. గెలిచేశామని అందరికీ సమోసాలు తెప్పించాను.

శుక్రవారం చూస్తే ఆరింటికీ అడ్డంగా గీత కొట్టి ఉంది. కింద ఒక వ్యాఖ్య: ఒకే కంప్యూటర్ నుంచి అరగంటలో పుట్టిన ఆరు ఖాతాలు, ఒకే వ్యక్తి వేసిన దొంగ వేషాలుగా అనుమానిస్తున్నాం, దీనివల్ల వ్యాసం విశ్వసనీయత మరింత తగ్గింది. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న పాత్రికేయుడిని నేను, పట్టపగలు దొంగ ఓట్లు వేసి దొరికిపోయాను. ప్రూఫులు చూసే పెద్దాయన వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ అమ్మాయి ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. "సార్, ఆదివారం గా రాసేటోళ్లు హిమాయత్‌నగర్‌ల కూడుతరంట. పోయి మొకం మీదనే అడుగుదామా?" అంది. పరీక్షలు పెట్టుకుని తిరుగుతున్న పిల్ల, తప్పు చేసిన నన్ను ఒక్క మాట అనకుండా తర్వాత ఏం చెయ్యాలో చూసింది. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్లకు కొలువు రాకపోతే నష్టం సర్కారుకే అని.

పోట్లాడాలనే వెళ్లాను. ఒక మేడమీది గదిలో ఎనిమిదిమంది, నాలుగు ల్యాప్‌టాప్‌లు. పట్టీ పెట్టినవాడు సన్నగా, కళ్లద్దాలతో, ముప్పై కూడా నిండని ఇంజినీరు. గోదావరి జిల్లా మాట. నన్ను చూసి లేచి కుర్చీ ఇచ్చాడు.

"రండి సార్. ఆ ఆరు ఓట్లూ మీవేనని ఈ అమ్మాయి ఇప్పుడే చెప్పారు. కంగారు పడకండి, మొదట్లో నేను కూడా మా ఊరి గుడి వ్యాసానికి మా బావమరిది చేత రాయించాను" అన్నాడు. గదంతా నవ్వారు. నాకు పోట్లాటకు తెచ్చుకున్న ఊపిరి సగం అక్కడే పోయింది.

మిగతా సగంతో అడిగాను. "క్రికెటర్ వేలికి దెబ్బ తగిలినా మీ దాంట్ల పేరా ఉంటది. దేశానికి పతకం తెచ్చిన ఆడబిడ్డకు ఒక పేజీ ఉంటే మీకేం నొప్పి? ఇదేం న్యాయం?"

అతను ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. "సార్, ఆవిడ ఆడారనే నేనూ నమ్ముతున్నాను. కానీ నా నమ్మకాన్ని పేజీలో పెట్టలేను కదా. ఇవాళ ఆవిడకి మినహాయిస్తే రేపు ప్రతి వీధి నాయకుడూ తనకు తాను పేజీ రాసేసుకుంటాడు. మేం సొంతంగా ఏమీ చెప్పం సార్. ఎవరో అచ్చు వేసినదాన్నే తెచ్చి పెడతాం. క్రికెటర్ వేలి గురించి మా దగ్గర పేరా ఎందుకుందంటే, మీ పేజీల్లో ఉంది కాబట్టి. కబడ్డీ ఎందుకు లేదో మీరే చెప్పాలి."

మీ పేజీలు అన్నాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. 

హిమాయత్‌నగర్ నుంచి నారాయణగూడ దాకా నేనూ ఆ అమ్మాయీ నడిచే వచ్చాం. ఆదివారం కూడా మా ఆఫీసు నడుస్తుంది. పాత పత్రికలను నెలకొకటి చొప్పున అట్ట వేసి కట్టిన సంపుటాలుండే గదికి తీసుకెళ్లాను. ఆటల టీచరు చెప్పిన నెల తెలుసు. దుమ్ము దులిపి ఒక్కో రోజు క్రీడా పేజీ తిప్పుతూ పోయాం. ఒక పేజీ దగ్గర ఆ అమ్మాయి వేలు ఆగింది.

"దొరికింది సార్" అని చదివింది. "మహిళల కబడ్డీలో భారత్‌కు స్వర్ణం. ఆసియా దేశాల పోటీ ఫైనల్లో మన జట్టు విజయం సాధించింది." తర్వాత పేజీ అటూ ఇటూ వెతికింది. "గంతేనా? పేర్లేవి సార్?"

ఆ శీర్షిక చూడగానే నాకు గుర్తొచ్చింది. అది నా శీర్షిక. ఆ పేజీ నా పేజీ. వార్తా ఏజెన్సీ నుంచి వచ్చిన కథనం పొడుగ్గానే ఉంది, కింద పన్నెండు మంది పేర్లు కూడా ఉన్నాయి. సాయంత్రం చివర్లో ఒక కుక్కర్ల ప్రకటన వచ్చి పడింది. చోటు చాలలేదు. కోయాల్సి వచ్చినప్పుడు కింది నుంచి కోయడం మా అలవాటు, అడుగున పేర్లు ఉన్నాయి, తీసేశాను. ఒక్క నిమిషం కూడా ఆలోచించి ఉండను. అదే పేజీలో పైన ఆరు కాలమ్‌ల వార్త ఉంది. ఒక క్రికెటర్ వేలి గాయం గురించి, ఆ వేలి ఫొటోతో సహా.

"నేనే కోసిన అమ్మా" అన్నాను.

ఆమె నా వైపు చూసి, మళ్లీ పేజీ వైపు చూసింది. "మరిప్పుడెట్ల సార్?" అంది.  తిట్టి ఉంటే బాగుండేది.

జిల్లా టాబ్లాయిడ్ సంగతి అప్పుడు తట్టింది. తెలియనివాళ్లకు చెబుతున్నాను, ప్రధాన పత్రికతో పాటు ఒక్కో జిల్లాకూ ఒక చిన్న పత్రిక వెళ్తుంది, ఆ జిల్లా వార్తలతో. సొంత జిల్లా బిడ్డ గెలిస్తే పాలమూరు టాబ్లాయిడ్‌లో తప్పక వచ్చి ఉంటుంది. కానీ మా ఆఫీసులో అట్ట వేసి దాచేది ప్రధాన పత్రికనే. చోటు లేదని జిల్లా కాయితాలను ఏడాదికోసారి పాతసామాన్ల వాడికి వేసేస్తారు.

సోమవారం పాలమూరు వైపు మండల విలేకరికి ఫోన్ చేశాను. ఆయన నాకంటే పెద్దవాడు. పగలు బడిలో లెక్కలు చెబుతూ, మిగతా సమయంలో మాకు వార్తలు పంపేవాడు. ఇరవై ఏళ్లలో ఆయనవి నేను కోసినన్ని ఎవరివీ కోసి ఉండను.

"ఉంటది సార్" అన్నాడు, ఒక్క క్షణం కూడా ఆగకుండా. "నేను రాసినయన్ని అతికిచ్చుకున్న. గా పిల్ల ఊరికి పోయి, వాళ్ల నాయినమ్మతోని మాట్లాడి రాసిన. పట్నం పంపితే మీరు కోస్తరని ఎరుకే గద, అందుకే సక్కగ జిల్లా పేజీకి పంపిన."

"రేపు గడువు అన్నా. జర తేవాలె."

"రేపు బంద్ సార్. బస్సులు నడవయి" అన్నాడు. మళ్లీ తనే, "సరే, చూద్దాం తియ్" అని ఫోన్ పెట్టేశాడు.

మంగళవారం నగరం మూసుకుంది. చిక్కడపల్లిలో మా ఇంటి నుంచి ఆఫీసుకు నడుస్తుంటే రోడ్డు మీద కుర్రాళ్లు క్రికెట్టే ఆడుతున్నారు. ఆ అమ్మాయి అశోక్‌నగర్ నుంచి నడిచొచ్చింది. కంపెనీకి సెలవు కావడంతో ఆ ఇంజినీరు కూడా వచ్చాడు. మేం గెలవాలని అతను కూడా కోరుకుంటున్నాడని అప్పుడు అర్థమైంది. పన్నెండున్నరకు మా గేటు ముందు ఒక పాత మోటారు సైకిల్ ఆగింది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, తల చుట్టూ తువ్వాలు, ఒళ్లంతా దుమ్ము, పొట్టకు కట్టుకున్న సంచీలో పొడుగాటి నోటుబుక్కు. మూడు చోట్ల బంద్ చేసేవాళ్లు ఆపారట. ప్రతిచోటా నోటుబుక్కు తెరిచి కబడ్డీ పిల్ల వార్త చూపిస్తే, వాళ్లే దారి ఇచ్చి పంపారట.

వార్త ఉంది. నాలుగు కాలమ్‌లు. ఆమె ఫొటో, ఆమె పేరు, చివరి కూతకొచ్చిన ఎదుటి కెప్టెన్ మడమను ఎలా పట్టి ఫైనల్ గెలిపించిందో మొత్తం. కింద జట్టులోని పన్నెండు పేర్లూ ఉన్నాయి. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది.

ఇంజినీరు అద్దాలు సవరించుకున్నాడు. "తేదీ ఏదండీ? ఏ పత్రికో ఎక్కడుంది?"

లేదు. మా మండల విలేకరి వార్త చుట్టూ శుభ్రంగా కత్తిరించి, పత్రిక పేరూ తేదీ ఉన్న పై పట్టీని పారేశాడు. ఇరవై ఏళ్లుగా అన్నీ అలాగే. "నా రాతనే దాసుకున్న గని తేదీ ఎందుకనుకున్న సార్" అన్నాడు, ముఖం చిన్నబోయి. ఆయన రాతలు నేను కోయడమే గానీ తాను కోసినవి ఇవే, అదీ ఇలా.

నాకు మాత్రం ఒక సంగతి తెలుసు. పత్రిక కాయితానికి రెండు వైపులుంటాయి. "దేంతోని అతికిచ్చినవ్ అన్నా?" అని అడిగాను. మైదా జిగురు అన్నాడు. మా టీ ఆయనను పిలిచి కెటిల్ మరిగించమన్నాను. ఆవిరి మీద ఆ పేజీని పట్టుకుని, మూల నుంచి గోటితో ఎత్తుతూ వచ్చాను. ముప్పై ఏళ్లు కాయితం కోసిన చేతులు, ఆ పావుగంట మాత్రం చంటిపిల్లను లేపినట్టు లేపాయి. నలుగురూ చుట్టూ చేరారు. ఊడిన ముక్కను వెనక్కి తిప్పితే మార్కెట్ ధరల పట్టిక. వేరుశనగ, కందులు, ఉల్లిగడ్డ. రోజూ మారే ధరలు గనక పట్టికకే విడిగా నెత్తిన మా పత్రిక పేరు, పక్కన తేదీ. నా రెండు లైన్ల వార్త పడిన రోజే.

ఇంజినీరు రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "గెలిచినట్టు ప్రధాన పత్రికలో ఉంది. ఎవరు గెలిపించారో ఇందులో ఉంది. తేదీలు కలిశాయి" అన్నాడు. నా కుర్చీలోనే కూర్చుని టైపు చేశాడు: "మూలాలు పరిశీలించాను. నా ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను. ఉంచాలి." ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఈ ఓటు కూడా మీ కంప్యూటర్ నుంచే వెళ్తోంది సార్. నన్ను కూడా మీ వేషమే అనుకుంటారేమో" అన్నాడు. అందరూ నవ్వుతుంటే మా మండల విలేకరి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

పట్టీ తీసేశారు. జాబితాలో ఆ అమ్మాయి చేర్చిన కబడ్డీ వరుస నిలిచింది, పన్నెండు పేర్లతో. ఇంజినీరూ ఆ అమ్మాయీ కలిసి ఆ తర్వాత హాకీ, ఖోఖో, షూటింగ్ అమ్మాయిల కోసం మా సంపుటాల గదిలో ఎన్ని ఆదివారాలు గడిపారో లెక్కలేదు.

వారం తర్వాత దోమలగూడ వెళ్లాను. ఆటల టీచరు పేజీ ప్రింటు తీసి బడి నోటీసు బోర్డుకు పెట్టింది. అనుమానపడ్డ ఆ తొమ్మిదో తరగతి పిల్ల ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ ఆ పేజీ చదివి వినిపిస్తోందట. నేను చెప్పాల్సింది ఒకటి మిగిలి ఉంది.

"అమ్మా, గా రెండు లైన్ల ముక్క నేను ఏసిందే. మీ పేర్లు తీసేసింది గూడ నేనే. తప్పైంది."

 కోప్పడుతుందని సిద్ధపడ్డాను.

"మా నాయిన గప్పుడు లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర మేస్త్రీ పని చేస్తుండె సార్" అంది. "చదువు రాదు. హోటల్ల ఎవరో పేపర్ చదువుతుంటే గా ముక్క ఇన్నడంట. పేరు లేదు, ఎప్పుడొస్తరో లేదు. గెలిచింది నా బిడ్డనే అని సక్కగ సికింద్రాబాద్ టేషన్‌కు పోయిండు. రెండు రోజులు ఆడనే కూసున్నడు, ఢిల్లీ బండ్లన్ని చూసుకుంట. నేను దిగేసరికి బంతిపూల దండ వాడిపోయి ఉన్నది. ఇంకెవ్వరు రాలే సార్ టేషన్‌కు. మీ ముక్క ఇని మా నాయినొక్కడే వచ్చిండు."

 రెండు లైన్లు ఇంత పని చేస్తాయని ముప్పై ఏళ్లలో నాకెవరూ చెప్పలేదు. ఇంకో రెండు లైన్లు ఉంచి ఉంటే ఆ మనిషి తన బిడ్డ పేరు అచ్చులో విని ఉండేవాడు. ఆయన అప్పటికే పోయాడు.

ఆ తర్వాత నాకు ఉద్యోగం మూడేళ్లు కూడా లేదు. ఆ కొద్దికాలంలో నా పేజీలో ఏ జట్టు గెలిచినా పేర్లన్నీ వచ్చాయి. ప్రకటన వస్తే క్రికెట్‌లోంచి కోశాను. పాఠకుల నుంచి ఫిర్యాదులు వచ్చాయి, పైవాళ్లు రెండుసార్లు పిలిచి మాట్లాడారు. నేను మారలేదు. ఇప్పటికీ గర్వమే.

2014లో రిటైరైన మర్నాడు ఏం చేయాలో తోచక దోమలగూడ మైదానానికి నడిచాను. పిల్లలు జిల్లాల పోటీ గెలిచి వచ్చిన రోజట. ఆమె నన్ను చూసి విజిల్ ఊది, అందరినీ వరసగా నిలబెట్టింది.

"సార్‌కు మీ పేర్లు చెప్పుండ్రి. ఇంటిపేర్లతో సహా" అంది.

నాకిక పేజీ లేదని చెప్పబోయి ఊరుకున్నాను. జేబులోంచి పెన్ను తీశాను. ఒక్కొక్కరే ముందుకొచ్చి గట్టిగా చెప్పారు. పన్నెండు పేర్లూ రాసుకున్నాను.